దారిలో కలిసిన సాక్షి

ఇటీవల ఒక సాహిత్య సంస్థ తన వార్షిక పురస్కారముల నియమావళిని సవరింపదలచి, అందుకై ఏర్పరచిన సమావేశమునకు మా పత్రికను కూడ ఆహ్వానించి, మా సూచనలను వ్రాతమూలకముగా కోరి, వానిని సావధానముగా ఆలకించి, తుదకు ఒక్క వాక్యముతో త్రోసిపుచ్చినది. మేము కోరినది పెద్ద వరమేమియు కాదు. కథకు, నవలకు, నాటికకు, విమర్శకు, అనువాదమునకు ఉన్నట్లే లఘుచిత్ర రచనకు కూడ ఒక పురస్కారము ఉండవలెననియు, సొమ్ము లేకపోయినచో శాలువ కప్పినను చాలుననియు మాత్రమే విన్నవించితిమి. అధ్యక్షస్థానము నలంకరించిన పెద్దలు కళ్లజోడు సవరించుకొని, "అది సాహిత్యం కాదు కదండీ, సినిమాలో చోటు దొరకనివాళ్లు తీసుకునే సినిమా" అని సెలవిచ్చి చిరునవ్వు నవ్వినారు. సభయు నవ్వినది. తరువాత కాఫీ వచ్చినది.

ఆ నవ్వు మమ్ము నొప్పించినదని చెప్పుకొనుటకు ఈ సంపాదకీయము వ్రాయుట లేదు. పెద్దలు నవ్వుటయు, చిన్నపత్రికలు పడుటయు మన సాహిత్యలోకమునకు క్రొత్త గాదు. అయితే సాహిత్యమునకు సరిహద్దురాళ్లు పాతు అధికారము ఎవరికి, ఏ కొలబద్దనుబట్టి సంక్రమించినదో ఒకపరి విచారించుట అవసరమని తోచినది. అందునను, గత సంచికలో సత్యజిత్ రాయ్ 'కాపురుష్'ను గూర్చి మేము ప్రకటించిన దీర్ఘవ్యాసమే ఆ సమావేశములో మామీద అభియోగపత్రముగా చదువబడినది గనుక, ఆ చిత్రమునుండియే ప్రారంభించుట న్యాయము.

'కాపురుష్' 1965లో విడుదలైనది. ప్రేమేంద్ర మిత్ర కథకు రాయ్ కల్పించిన దృశ్యరూపమది. 'మహాపురుష్' అను ప్రహసనప్రాయమైన మరియొక చిత్రముతో జంటగా, ఒకే టిక్కెట్టుమీద ప్రదర్శించుటకై నిర్మించినది కావున, మామూలు చిత్రములో ఇంచుమించు సగము నిడివితో ముగియును. ఆస్కారువారు లఘుచిత్రమునకు నలువది నిమిషముల హద్దు గీచినారు గనుక ఇది లఘుచిత్రమే కాదని పేచీ పెట్టువారితో మాకు తగవు లేదు. గడియారము పట్టుకొని కళను కొలుచువారికి మరియొక గడియారముతో సమాధానము చెప్పుట మా పని గాదు.

సినిమాకథలు వ్రాసి జీవించు అమితాభ రాయ్ కథావస్తువు వెదకుకొనుచు ఉత్తరవంగమున సంచరించుచుండగా కారు చెడిపోయి ఒక చిన్న ఊరిలో చిక్కుపడును. తేయాకు తోటల దొర బిమల్ గుప్త అతనిని ఆదరించి తన బంగళాకు తీసికొనిపోవును. అచట గృహిణిగా ఎదురుపడిన కరుణ, ఒకనాడు తన గదికి వచ్చి పెండ్లికి సిద్ధమని నిలిచినప్పుడు అతడు ధైర్యము చాలక గడువు కోరి పోగొట్టుకొన్న కరుణయే. సౌమిత్ర చటర్జీ, మాధవీ ముఖర్జీ, హారధన్ బందోపాధ్యాయ అను మువ్వురు నటుల ముఖములు తప్ప ఈ చిత్రమునకు వేరు సంపద లేదు. దొర త్రాగుచు తోటబ్రతుకులోని విసుగును ఏకరువు పెట్టును, భార్య వడ్డించును, అతిథి చూచును. ఆ రాత్రి నిద్రపట్టక అతిథి గృహిణిని నిద్రమాత్రలు అడిగి పుచ్చుకొనును. మరునాడు మువ్వురును జీపులో రైలుస్టేషనుకు బయలుదేరుదురు.

ఆ ప్రయాణములో ఒక ఘట్టమున్నది. దారిలో చెట్లక్రింద వనభోజనమునకు ఆగినప్పుడు దొరకు కునుకు పట్టును. అతని వ్రేళ్లనడుమ సిగరెట్టు కాలుచునే యుండును. అది చర్మము నంటుకొనులోపల అమితాభుడు తన హృదయమును చీటిమీద వ్రాసి కరుణ కందింపవలెను. యౌవనమున ఆమె అప్పనముగా ఇచ్చిన కాలమును వృథాపుచ్చినవానికి ఇప్పుడు విధి అనుగ్రహించినది ఒక సిగరెట్టు కాలునంత వ్యవధి! ఆమె భర్తను విడిచి రాదలచినచో స్టేషనుకు రావలెను, అతడు వేచియుండును. ఆమె వచ్చును కూడ. అతని ముఖము వికసించును. ఆమె వచ్చినది నిద్రమాత్రల సీసాకొరకు.

ఈ చిత్రమును చూచి "ఇందులో కథ ఏమున్నది?" అని మాకు ఉత్తరములు వ్రాసిన పాఠకులు గలరు. కరుణ దాంపత్యము విఫలమైనదా కాదా అని వారి ప్రశ్న. రాయ్ చెప్పడు. విఫలమైనదని అమితాభుడు నిశ్చయించుకొనును, ఏలయన అతడు వృత్తిచేత కథకుడు, స్వభావముచేత అపరాధి. ఆమె దుఃఖించుచున్నచో తప్ప అతని పశ్చాత్తాపమునకు పని యుండదు. దొర మొరటువాడే, కాని దుష్టుడు గాడు. కరుణ మందహాసము చేయునే గాని ఫిర్యాదు చేయదు. ఐనను, ఆ యింటి ఆడుదానికి నిద్రమాత్రలు లేనిదే రాత్రి గడవదని, అందుకై ఆమె స్టేషనువరకు రాగలదని, ఒక చిన్న సీసా మనకు చెప్పి ఊరకుండును. రెండున్నర గంటల చిత్రములో ఇరువది యేడుపుపాటలు చెప్పలేని సంగతి యిది.

మా వాదమంతయు ఇక్కడనే యున్నది. దాంపత్యభంగమును భార్య చెప్పినచో అది ఫిర్యాదగును. భర్త చెప్పినచో సమర్థన యగును. బంధువులు చెప్పినచో పంచాయితీ యగును. దారిలో కలిసి, దారిలోనే దిగిపోవు మూడవ మనిషి కన్నుతో చూచినప్పుడే అది కథ యగును. ఆ మూడవ మనిషి ఎవ్వడో, ఎచటివాడో, నమ్మదగినవాడో కాడో మనకు తెలియదు. తెలియకపోవుటయే అతని అర్హత. అయినవారికి చెప్పలేని మాట అపరిచితునకు చెప్పుట మనుష్యస్వభావము గదా! రైలుపెట్టెలో ఎదుటి బల్లమీద కూర్చున్నవానికి కాజీపేట దాటునప్పటికి తన సంసారమంతయు విప్పి చెప్పి, విజయవాడలో దిగునప్పుడు పేరైనను అడుగక వెడలిపోవువారిని చూడని తెలుగువా డుండడు. అయితే ఈ సాక్షి మనతో ఉండునది కొంతదూరమే. అతడు చూచునది కొంచెమే. కావున అతని కథ పొట్టిదే కావలెను. లఘుత్వము ఇచట డబ్బులేమి కాదు, చేతగానితనము కాదు; చూపునకు గల సత్యసంధత.

ఇది మేము పడమటనుండి అరువు తెచ్చుకొన్న సూత్రము కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' చదివిన ఇండ్లలో పుట్టినవారికి దీనిని వేరుగా బోధింప నక్కరలేదు. మణిసిద్ధుడు కాశికి పోవలెను, తోడు కావలెను, పసులకాపరి గోపుడు తోడైనాడు, మజిలీ మజిలీకి ఆ పిల్లవాడు వింత యొకటి చూచి ప్రశ్నించును, సిద్ధుడు కథ చెప్పును. మజిలీ మారినచో కథ మారవలసినదే. విక్రమార్కుని భుజముమీది బేతాళుడు అంతకన్న కఠినుడు: రాజు నోరు విప్పిన మరుక్షణము శవముతో సహా చెట్టెక్కును. తోడు ప్రయాణికుడు కథకుడగుటయు, ప్రయాణమే కథకు కొలత యగుటయు మన పితామహుల నాటినుండి వచ్చుచున్న సంప్రదాయము. పెద్దలు దీనిని మరచుట వయోధర్మమని సరిపెట్టుకొందము.

పడమటను ఈ తోడు లేకపోలేదు: టాల్‌స్టాయి తన 'క్రూట్జర్ సొనాటా'ను రైలుపెట్టెలోనే నడిపించినాడు. పోజ్డ్నిషెవ్ అనువాడు చిక్కని టీ త్రాగుచు, నడుమ నడుమ వింతధ్వని యొకటి చేయుచు, తాను భార్యను చంపిన వృత్తాంతమును ముక్కుమొగము తెలియని సహప్రయాణికునకు వినిపించును. 1889లో ముగించిన ఆ రచనను జారు ప్రభుత్వము నిషేధించినది. తన సంసారమునే వీథిలో ఆరవేసిన కథయని లోకము చెవులు కొరుకుకొనుచుండగా, ఆ నిషేధమును సడలింపుమని 1891లో చక్రవర్తి మూడవ అలెగ్జాండరు దర్శనము చేసి, గ్రంథసంపుటములో అచ్చునకు అనుమతి సంపాదించుకొని వచ్చినది ఆయన భార్య సోఫియాయే! ఆ కథకు తన వంతు ప్రత్యుత్తరముగా ఆమె వ్రాసిన నవల మాత్రము 1994 వరకు వెలుగు చూడలేదు. హంతకుడైన భర్తకు తెల్లవార్లు వినువాడొకడు రైలులో దొరికినాడు. భార్యకు వినువారు దొరకుటకు నూరేండ్లు పట్టినది. కథ ఎంత పెద్దదను ప్రశ్నకన్న, తోడు ఎవరికి దొరికినదను ప్రశ్న పెద్దదని మాకు తోచును.

పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' 1952 నాటి ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందినదని పాఠ్యపుస్తకములు మన పిల్లలచేత వల్లె వేయించును. ఆ కథయొక్క నిర్మాణరహస్యమును మాత్రము చెప్పవు. కథానాయకుడు రావుగారి గృహస్థజీవితములో లోపమున్నదని రచయిత ఎక్కడను అనడు. అన్నియు నియమములే, అందరును ఆ నియమములకు లోబడినవారే. రైలులో ఎదురైన బిచ్చగత్తె, గాలివానరాత్రి పాడుపడ్డ స్టేషనుగదిలో చలికి వణకుచున్న ఆయన ప్రక్కన చేరి కూర్చున్నప్పుడు గాని, ఆ నియమములయిల్లు ఎంత చల్లగా ఉండెనో ఆయనకును మనకును తెలియరాదు. ఆమె ఎవరు? పేరు లేదు. దొంగయా, దేవతయా? తీర్పు లేదు. ఒక్క రాత్రి. ఈ కథను నూటయేబది పుటల నవలగా సాగదీసినచో ఏమగునో ఊహించుటకే భయమగుచున్నది.

మన తెలుగు సినిమా ఈ విషయములో చేసినదేమి? దంపతులను విశ్రాంతికి ముందు అపార్థముతో విడదీయును, తరువాత ఆస్పత్రిమంచము ప్రక్కన కలుపును, 'శుభం' అనును. హిందూ వివాహచట్టము వచ్చిన 1955లోనే 'మిస్సమ్మ' కూడ వచ్చినది. పెండ్లికానివారిని దంపతులుగా నటింపజేసి నవ్వించుటలో మనవారు చూపిన ప్రతిభ నిరుపమానము, కాని పెండ్లియైనవారు దంపతులుగా నటించుచు బ్రతుకు ఇండ్లమీదికి ఆ కెమెరా తిరుగుటకు చాలకాలము పట్టినది. ఉభయుల సమ్మతితో విడిపోవుటకు చట్టము వీలు కల్పించినది 1976లో. బాలచందర్ 'ఇది కథ కాదు' వచ్చినది 1979లో. జయసుధ ధరించిన ఆ పాత్ర, పీడించిన భర్తను గాని, ప్రేమించినవారిని గాని ఆశ్రయింపక తుదకు రైలెక్కి వెడలిపోవును. ఆ పెట్టెలో ఆమెకు తోడుగా కనిపించునది అత్తగారు! భర్త పోయినను భర్తతల్లి మిగిలినది. తెలుగుతెరమీద ఇంతకన్న అనూహ్యమైన సహప్రయాణికురాలిని మేము చూడలేదు. అయితే ఆ రైలు చేరుటకు ముందు ఎన్ని రీళ్లు నడువవలసి వచ్చినదో! ఆ పెట్టెలోనుండియే కథ ఎత్తుకొని, తరువాతి స్టేషనులో ముగింపగల సాహసికి ఆనాడు నిర్మాత దొరకడు. ఈనాడు నిర్మాత అక్కరలేదు. చేతిలో ఫోనున్నచో చాలును. అందుకే ఈనాటి పిల్లలమీద మాకు ఆశ.

ఫ్రెంచి దర్శకుడు గ్జావియె లెగ్రాన్ 2013లో ఈ సాహసమే చేసినాడు. ముప్పది నిమిషముల ఆ చిత్రము పేరునకు తెలుగున 'సర్వము కోల్పోవక ముందే' అనవచ్చును. బడికని బయలుదేరిన పిల్లవాడు బడికి పోక వంతెనక్రింద దాగుకొనును. తల్లి కారులో వచ్చి ఎక్కించుకొనును. బస్సుస్టాపు వద్ద కూతురును ఎక్కించుకొనును. తాను పనిచేయు పెద్ద అంగడికి పోవును. ఏల పారిపోవుచున్నదో ఆమె మనకు చెప్పదు. తోడి ఉద్యోగినులు ఆమెను వెనుకగదిలో దాచుదురు, తమ పని తాము చేసికొనుచునే కాపలా కాయుదురు. భర్త వినియోగదారుల నడుమ నడచివచ్చును. అతడు కేక వేయడు, చేయెత్తడు, సామాన్యముగా మాటలాడును, మన గుండె మాత్రము ఆగిపోవును. గతమును ఒక్క దృశ్యములోనైనను చూపని ఈ చిత్రములో, ఆ కారులో వారితోపాటు ఎక్కిన అపరిచితులము మనమే. సెజారు పురస్కారము దీనికి వచ్చినది, ఆస్కారు పోటీలో తుది జాబితాకు చేరినది. ఆ ప్రధాననటులతోనే అదే దర్శకుడు ఆ కుటుంబముకథను పూర్ణచిత్రముగా కొనసాగించి 2017లో వెనిస్‌లో ఉత్తమ దర్శకత్వమునకు రజతసింహమును గెలుచుకొన్నాడు. మన సమావేశ పెద్దల న్యాయముప్రకారము రెండవది సినిమా, మొదటిది ఆ సినిమాలో చోటు దొరకనిది!

లఘుచిత్రముల పేరున వచ్చుచున్నవానిలో పెక్కు పసలేనివనియు, నిర్మాతల గుమ్మములో చూపించుకొను పరిచయపత్రములనియు ఒక విమర్శ కలదు. నిజమే, అచ్చగుచున్న పద్యములలో పెక్కింటిగతి కూడ అంతే.

ఇక "సాహిత్యము కాదు" అన్న తీర్పును గూర్చి. భరతుడు దశరూపకములు చెప్పినప్పుడు నాటకముతోపాటు భాణమును, వ్యాయోగమును, వీథిని, అంకమును కూడ లెక్కించినాడు. ఇవి నాలుగును ఏకాంకములు. భాణములో నటుడు ఒక్కడే వీథివెంట నడచుచు, కనబడని మనుష్యులతో సంభాషించుచు, వారి సంసారములలోని చిల్లులను మనకు చూపించును. ఒకే పాత్ర, ఒకే అంకము, నడకయే కథనము. రెండువేల యేండ్లకు దగ్గరి శాస్త్రము రూపకమని గౌరవించినదానిని, రూపకశబ్దమును నిత్యము ఉచ్చరించు మహనీయులు ఈనాడు తెరమీద కనబడినంతమాత్రమున గుర్తుపట్టలేకున్నారు. గురజాడ 1910లో 'దిద్దుబాటు' వ్రాసినప్పుడు, రాత్రి ఆలస్యముగా ఇల్లు చేరిన గోపాలరావు భార్య కానరాక కంగారుపడు కొద్దిసేపటిని మాత్రమే తీసికొన్నాడు. మంచముక్రింద దాగియున్న కమలినిని పక్కన పెట్టి, వారి పెండ్లినాటినుండి చరిత్ర ప్రారంభించి యుండినచో, ఆధునిక తెలుగుకథ ఆ గడప దాటి యుండెడిది కాదు. అది కొన్ని పుటల రచన గనుక సాహిత్యము కాదని అప్పటి పెద్దలు అని యుండవచ్చును. వారి పేర్లు మాత్రము మనకు మిగులలేదు.

ఈ చిన్నచూపు మన ఊరి సభలకే పరిమితమైనది కాదని ఒప్పుకొనవలెను. 1948లో ఏర్పడిన ప్రభుత్వసంస్థ ఫిల్మ్స్ డివిజన్ లఘుచిత్రములను ప్రతి హాలులోను ప్రధానచిత్రమునకు ముందు తప్పనిసరిగా ప్రదర్శించుచుండెడివారు. మన ప్రేక్షకులు వానినన్నిటిని కలిపి 'న్యూస్ రీలు' అని పిలిచి, ఆ సమయమును వేయించిన పల్లీలు కొనుటకు వినియోగించుకొనిరి. 2022లో ఆ సంస్థను జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనము చేసినప్పుడు పత్రికలలో వచ్చిన వార్త ఎంతమంది చదివిరి? అదే సంవత్సరము ఆస్కారువారు సైతము కథాలఘుచిత్రమునకు, లఘు డాక్యుమెంటరీకి, లఘు యానిమేషనుకు ఇచ్చు బహుమతులను మరి అయిదు శాఖలతో కలిపి, ప్రత్యక్షప్రసారము మొదలగుటకు ముందే పంచిపెట్టి, ఆ తరువాత ముక్కలుగా కత్తిరించి చూపినారు. ఆ యేడు లాస్ ఏంజెలిసులోను, ఇప్పుడు మన సాహిత్యసభలోను లఘుచిత్రమునకు చూపినది ఒకే ద్వారము, వెనుకద్వారము. అంతటి మహాసంస్థతో పోలిక కుదిరినందులకు మన సంస్థవారు సంతసింపవచ్చును.

పురస్కారము లేకపోయినచో చిత్రములు ఆగవు, మాకు తెలియును. కాని వ్రాత ఆగును. ఈనాడు తీయుచున్న పిల్లలకు కెమెరా ఉన్నది, కూర్పు వచ్చును, ధ్వని తెలియును. భార్యాభర్తలు ఒక బస్సులో ప్రక్క ప్రక్క సీట్లలో మాటలేక కూర్చున్నప్పుడు వెనుక సీటువాడు ఏమి వినవలెనో వ్రాసిపెట్టువాడు లేడు. వ్రాయగల కథకులో, అది తమ గౌరవమునకు తక్కువయని దూరముగా నిలిచినారు; ఎందుకు నిలువరు, వ్రాసిన దానిని రచనయని గుర్తించు సభ ఒక్కటియు లేనప్పుడు? రాయ్‌కి ప్రేమేంద్ర మిత్ర ఉండినాడు. మన పిల్లలకు ఎవరున్నారు?

కావున ఆ సంస్థ నియమావళిని ఆ సంస్థకే విడిచిపెట్టి, మా చేతనైన పని మేము చేయదలచినాము. వచ్చు సంచికనుండి ప్రతి మాసమును ఒక లఘుచిత్ర రచనను, దృశ్యవిభజనతోను సంభాషణలతోను సహా, కథలకిచ్చు పుటలలోనే, కథలకిచ్చు పారితోషికముతోనే ప్రకటింతుము. ముప్పది నిమిషములకు మించరాదు. మొదటి మూడు సంచికలకు వస్తువు: ఒక ప్రయాణము, ఒక దంపతుల జంట, వారెరుగని మరియొక మనిషి. కథకులు తమ రచనలను, చేతివ్రాతలోనైనను సరే, ఈ మాసాంతములోగా పంపగోరుచున్నాము.